ఆది కొలత మార్చండి: ఫ్యాషన్ వీక్ నిర్వాహకులకు, డిజైనర్లకు, మోడలింగ్ ఏజెన్సీలకు బహిరంగ లేఖ

ఫ్యాషన్ డిజైన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా వారికి, దేశంలోని ఫ్యాషన్ వీక్‌ల నిర్వాహకులకు, డిజైనర్లకు, మోడలింగ్ ఏజెన్సీల యజమానులకు నమస్కారం.

ఈ లేఖ రాస్తున్న మాలో కొందరం బట్ట కత్తిరించే నమూనాలు గీసే ప్యాటర్న్ మాస్టర్లం, కొందరం పోషకాహార నిపుణులం, మరికొందరం తిండి చుట్టూ పుట్టే మానసిక జబ్బులకు వైద్యం చేసేవాళ్లం. హైదరాబాద్‌లో పనిచేస్తున్నాం. ర్యాంప్ మీద నడిచే అమ్మాయిలు ప్రాణం మీదికి వచ్చేంత సన్నబడుతున్నారన్న మాట వచ్చినప్పుడల్లా చర్చ వాళ్ల ఆత్మవిశ్వాసం మీదికి మళ్లుతోంది. ఆ అమ్మాయికి ధైర్యం చెప్పాలంటారు, తల్లిదండ్రులు కనిపెట్టుకుని ఉండాలంటారు. అవి అవసరమే. అయితే ఒత్తిడి మొదలయ్యే చోటు కటింగ్ టేబుల్. మీరు కుట్టించే శాంపిల్ కొలత మారకుండా ఎన్ని కౌన్సెలింగ్‌లు పెట్టినా ఫలితం ఉండదని మా నమ్మకం. అందుకే మిమ్మల్ని అడుగుతున్నది మొదట కొలత గురించి, ఆ తర్వాతే మిగతా విషయాల గురించి.

మన ఊళ్లలో జాకెట్టు కుట్టించుకునేటప్పుడు టైలర్‌కు ఆది జాకెట్టు ఇస్తాం. ఒంటికి చక్కగా అమరిన పాత జాకెట్టు అది. దాన్ని చూసి కొత్తది కుడతారు. మనిషి ఎలా ఉంటే బట్ట అలా వస్తుంది. ఫ్యాషన్ వీక్‌కు తయారయ్యే కలెక్షన్‌లో ఈ వరుస తిరగబడింది. ఛాతీ 32, నడుము 24, టైలర్లు సీటు అనే తుంటి కొలత 34 లేదా 35 అంగుళాలు పెట్టి ముందుగా డమ్మీ బొమ్మ మీద శాంపిల్ కుడతారు. అందులో పట్టే మనిషిని తర్వాత వెతుకుతారు. పైగా ఆ మనిషి ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు ఉండాలంటారు. ఆది జాకెట్టే ముందు పుట్టి, ఒళ్లు దానికి తగ్గట్టు మారాల్సి వస్తోంది.

ఒక్క కొలతలోనే ఎందుకు కుడతారో మాకు తెలుసు. ఒక కలెక్షన్‌లో ముప్పై నలభై డ్రెస్సులుంటే ప్రతిదీ ఒక్కటే కుడతారు. మగ్గం వర్క్, జర్దోసీ ఉన్న లెహంగా మీద నలుగురైదుగురు పనివాళ్లు వారాల తరబడి కూర్చుంటారు. రెండోది చేయించాలంటే ఖర్చు కూడా రెండింతలు. షో అయ్యాక ఆ ఒక్క శాంపిలే పత్రిక ఫోటోషూట్‌కు పోతుంది, షోరూమ్‌లో కొనుగోలుదారుల ముందుకు పోతుంది, సినిమా తార స్టైలిస్ట్ అడిగితే అక్కడికీ పోతుంది. ఎక్కడికి వెళ్లినా దాన్ని వేసుకునేవాళ్లు అందులో పట్టాల్సిందే. ఒక ప్యాటర్న్ షీట్ మీద రాసిన మూడు అంకెలు ర్యాంప్ నుంచి పత్రిక ముఖచిత్రానికి, అక్కడి నుంచి ప్రీరిలీజ్ ఈవెంట్ వేదిక దాకా ప్రయాణం చేసేది ఇలాగే. డైటింగ్ చేయమని నోరు తెరిచి ఎవరూ చెప్పక్కర్లేదు. జిప్ పడకపోతే ఆ పూట పని వేరే అమ్మాయికి పోతుంది.

ఆ అంకెల వెనక బరువు ఎంతో లెక్క చూద్దాం. 175 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషికి బాడీ మాస్ ఇండెక్స్, అంటే ఎత్తుకు తగ్గ బరువును చూపే అంకె, 18.5 రావాలంటే దాదాపు 57 కిలోలు ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన 18.5 కంటే తక్కువైతే బక్కతనం, 17 కంటే తగ్గితే మధ్యస్థ బక్కతనం, 16 కంటే తగ్గితే తీవ్ర బక్కతనం. అదే ఎత్తుకు 17 అంటే 52 కిలోలు, 16 అంటే 49 కిలోలు. సహజంగానే సన్నని ఎముకలు, చిన్న తుంటి ఉన్న అమ్మాయిలు కొందరు ఉంటారు. వాళ్లు ఆరోగ్యంగానే 34 అంగుళాల సీటులో పడతారు. వాళ్ల మీద మాకు ఏ ఆక్షేపణా లేదు. కానీ అంత ఎత్తులో అలాంటివాళ్లు బహు కొద్దిమంది. మిగతావాళ్లు ఆ కొలతకు రావాలంటే 50 కిలోల దరిదాపుల్లోకి దిగాల్సి వస్తుంది. ఇదే 18.5 గీతతో మన ప్రభుత్వం పోషకాహార లోపాన్ని లెక్కగడుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల మహిళల్లో తెలంగాణలో 18.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 14.8 శాతం ఆ గీత కింద ఉన్నారు. రెండు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా మహిళలకు రక్తహీనత ఉంది. ఇల్లు గడవక ఆ గీత కిందికి జారిన ఒంటికి అంగన్‌వాడీలో గుడ్డు, పాలు ఇస్తున్న దేశంలో అదే ఒంటిని ఆదర్శంగా నిలబెట్టడం మాకు చాలా బాధ కలిగిస్తోంది.

సీటు కొలత గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఏజెన్సీలు అన్నిటికన్నా ఎక్కువ పట్టుబట్టేది దాని మీదే. తుంటి చుట్టుకొలతలో కొవ్వు, కండ మాత్రమే కాదు, కటి ఎముక వెడల్పు కూడా ఉంటుంది. ఆడపిల్లల్లో ఆ ఎముక పదిహేను పదహారేళ్లకే ఆగిపోదు, ఇరవైల్లోకి వచ్చేదాకా వెడల్పవుతూనే ఉంటుంది. అందుకే పదహారేళ్లప్పుడు శాంపిల్‌లో హాయిగా పట్టిన అమ్మాయి ఇరవై ఏళ్లకు పట్టదు. ఆమె లావు కాలేదు, పెద్దదయింది. అప్పుడు 'సీటులో రెండు సెంటీమీటర్లు తగ్గించుకో' అంటే ఆమె ఏం చేయగలదు? ఏ వ్యాయామమూ ఎముకను తగ్గించదు. చుట్టూ ఉన్న కండ కరిగిపోయేదాకా తిండి మానేయడం ఒక్కటే ఆమెకు మిగిలిన దారి. పెద్దవాళ్ల బట్టలకు పద్దెనిమిది నిండనివాళ్లను మోడళ్లుగా పెట్టవద్దని మేం అడగడానికి ఇది పెద్ద కారణం. ఎదగని ఒంటిని కొలబద్దగా పెట్టుకుంటే ఎదిగిన ప్రతి ఒళ్లూ తప్పుగానే కనిపిస్తుంది.

తిండి తగ్గితే లోపల జరిగేదేమిటో మీ షోలు నడిపేవాళ్లు తెలుసుకోవాలి, ఎందుకంటే తెర వెనక కళ్లు తిరిగి పడిపోయే అమ్మాయిని మొదట చూసేది వాళ్లే. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం 55 కిలోల మహిళకు కూర్చుని చేసే పనికే రోజుకు దాదాపు 1,660 కిలోక్యాలరీలు కావాలి, మోస్తరు శ్రమకు 2,130. ఐరన్ 29 మిల్లీగ్రాములు, కాల్షియం 1,000 మిల్లీగ్రాములు కావాలి. ఫిట్టింగ్‌లు, రిహార్సళ్లు, హీల్స్ మీద పది పన్నెండు గంటలు నిలబడటం కూర్చుని చేసే పని కాదు. మరి షోకు ముందు చేతులు మారే డైట్ చార్టుల్లో కనిపించేది 800 నుంచి 1,200 కిలోక్యాలరీలు.

ఆ లోటును ఒళ్లు తనకు తానే కోతలు పెట్టుకుని పూడ్చుకుంటుంది. నాడి నెమ్మదిస్తుంది. మెలకువగా ఉన్నప్పుడే నిమిషానికి 50 కంటే తక్కువ కొట్టుకుంటుంటే, కఠిన శిక్షణ పొందిన క్రీడాకారిణి కాని అమ్మాయిలో అది గుండె కండ అరుగుతోందనడానికి గుర్తు కావచ్చు. పడుకున్నప్పటి రక్తపోటు లేచి నిలబడగానే 20 పాయింట్లకు పైగా పడిపోతుంది. మెట్లెక్కుతుంటే కళ్లు చీకట్లు కమ్మేది అందుకే. ఎండాకాలంలో కూడా చేతులు చల్లబడతాయి, వీపు మీద, చేతుల మీద సన్నటి నూగు మొలుస్తుంది, తల వెంట్రుకలు రాలతాయి. నెలసరి ఆగిపోతుంది. మోడళ్లలో చాలామంది దాన్ని ప్రయాణాల అలసటగా కొట్టిపారేస్తారు. అది ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ పడిపోయిందన్న సమాచారం. ఎముకల గట్టిదనంలో అధిక భాగం పద్దెనిమిది ఇరవై ఏళ్లలోపే కూడుతుంది. ఆ వయసులో కాల్షియం, ఈస్ట్రోజెన్ రెండూ కరువైతే తర్వాత బరువు పెరిగినా ఆ ఎముక పూర్తిగా తిరిగిరాదు.

అన్నిటికన్నా త్వరగా ప్రాణం తీసేది పొటాషియం లోపం. వాంతి చేసుకోవడం, విరేచనాల మాత్రలు, నీరు పోయే మాత్రలు, షూట్‌కు ముందు రోజు నీళ్లూ ఉప్పూ మానేయడం, ఇవన్నీ రక్తంలో పొటాషియాన్ని దించేస్తాయి. అది లీటరుకు 3.5 మిల్లీమోల్‌ల కంటే తగ్గితే గుండె లయ తప్పే ప్రమాదం మొదలవుతుంది. చూడ్డానికి బరువు మామూలుగానే ఉన్న అమ్మాయికి కూడా ఇది జరుగుతుంది. బరువు యంత్రం ఒక్కదాన్ని నమ్ముకుంటే చాలదని మేం అనేది ఇందుకే. ఇంకో ప్రమాదం షో ముగిశాక ఉంటుంది. పది రోజులకు పైగా దాదాపు ఏమీ తినని మనిషి ఒక్కసారిగా బిర్యానీ, మిఠాయిలు తింటే ఇన్సులిన్ ఎగసి, రక్తంలోని ఫాస్ఫేట్ కణాల్లోకి వెళ్లిపోతుంది. ఊపిరి కండరాలు, గుండె అదుపు తప్పుతాయి. చాలా బక్కచిక్కినవాళ్లకు తిండి మళ్లీ మొదలుపెట్టాల్సింది డాక్టర్ పర్యవేక్షణలో, తక్కువతో మొదలుపెట్టి పెంచుకుంటూ, బి1 విటమిన్ ఇచ్చి. 'షో అయిపోయిందిగా, ఇక కడుపునిండా తిను' అని ప్రేమతో అన్న మాట కూడా అక్కడ కీడు చేయగలదు.

మనసు సంగతి కూడా ఆకలితో ముడిపడినదే. 1944–45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు 24 వారాల పాటు రోజుకు దాదాపు 1,570 కిలోక్యాలరీల తిండి పెట్టి చూశారు. బరువులో దాదాపు పాతిక శాతం కోల్పోయారు. తిండి గురించి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది. వంట పుస్తకాలు పోగేసుకున్నవాళ్లున్నారు, ఒక్క పళ్లేన్ని గంటల తరబడి తిన్నవాళ్లున్నారు, దిగులులో కూరుకుపోయినవాళ్లున్నారు. వాళ్లెవరికీ ముందు ఏ మానసిక జబ్బూ లేదు. ఆకలే ఆ స్థితిని తెచ్చింది. కాబట్టి లావవుతామన్న భయంతో తిండి మానేసే జబ్బు అనొరెక్సియాకు లోనైన మోడల్‌ను చూసి 'ఆమె మనసే బలహీనం' అనడం సరికాదు. ఆ జబ్బుకు లోనుకాగల స్వభావం ఆమెలో ముందే ఉండవచ్చు, కానీ ఆకలి అనే నిప్పు అంటించేది పని షరతే. మానసిక జబ్బులన్నిటిలో మరణాల రేటు చాలా ఎక్కువగా ఉన్నవాటిలో అనొరెక్సియా ఒకటి. ఆ మరణాల్లో దాదాపు ఐదింట ఒకటి ఆత్మహత్య.

ఇవి ఊహించి చెబుతున్న ప్రమాదాలు కావు. 2006 ఆగస్టులో ఉరుగ్వే రాజధాని మాంటెవిడియోలో 22 ఏళ్ల లూయిసెల్ రామోస్ ర్యాంప్ నడిచి దిగగానే గుండె ఆగి చనిపోయింది. అదే ఏడాది నవంబరులో బ్రెజిల్ మోడల్ ఆనా కరోలినా రెస్టన్ 21 ఏళ్లకే పోయింది. 172 సెంటీమీటర్ల ఎత్తుకు అప్పుడామె బరువు 40 కిలోలు. మూడు నెలలు తిరగకుండానే లూయిసెల్ చెల్లెలు ఎలియానా, ఆమె కూడా మోడలే, 18 ఏళ్ల వయసులో మరణించింది.

ఆ తర్వాత ఒక్కో దేశం ఒక్కో దారి పట్టింది. వాటిలో పనికొచ్చినవి, రానివి చూసి మనం నేర్చుకోవచ్చు. 2006 సెప్టెంబరులోనే మాడ్రిడ్ ఫ్యాషన్ వీక్ 18 కంటే తక్కువ ఇండెక్స్ ఉన్నవాళ్లను ర్యాంప్ ఎక్కనివ్వమంది. ఇజ్రాయెల్ 2012లో చట్టం చేసి 2013 నుంచి అమలుచేసింది: ఇండెక్స్ 18.5కు తగ్గలేదని మూడు నెలల్లోపు డాక్టర్ ఇచ్చిన పత్రం చూపాలి, ఫోటోలో ఒంటిని సన్నగా మార్చితే ఆ సంగతి ప్రకటన మీదే రాయాలి. ఫ్రాన్స్ చట్టం 2017లో అమల్లోకి వచ్చింది. అక్కడ కచ్చితమైన అంకె పెట్టలేదు, మొత్తం ఆరోగ్యం చూసి డాక్టర్ పత్రం ఇస్తారు, అది గరిష్ఠంగా రెండేళ్లు చెల్లుతుంది. నియమం తప్పితే 75,000 యూరోల దాకా జరిమానా, ఆరు నెలల జైలు. రెండేళ్లు చాలా ఎక్కువని మా అభిప్రాయం, ఆరు వారాల్లో మనిషి ఒళ్లు పూర్తిగా మారిపోగలదు. 2017 సెప్టెంబరులోనే పెద్ద ఫ్రెంచి ఫ్యాషన్ సంస్థలు ఎల్‌వీఎంహెచ్, కెరింగ్ కలిసి ఒప్పంద పత్రం ప్రకటించాయి. ఫ్రెంచి 32 సైజు మోడళ్లను తీసుకోబోమని, 34 నుంచి మొదలుపెడతామని, ఆరోగ్య పత్రం ఆరు నెలల్లోపుదై ఉండాలని, పదహారేళ్లలోపు వాళ్లను పెద్దల బట్టలకు పెట్టబోమని అందులో రాసుకున్నాయి. దిశ మంచిదే, అడుగు మాత్రం చిన్నది. ఫ్రెంచి 34 కూడా చాలా సన్నటి సైజే.

ఫోటో మార్చామని రాసే చీటీల మీద మాకు పెద్దగా ఆశ లేదు. వాటి మీద జరిగిన పరిశోధనల్లో చూసేవాళ్ల అసంతృప్తి తగ్గినట్టు కనబడలేదు. చీటీ చదివినా కన్ను ముందుగా చూసేది ఆ నడుమునే. అంతకన్నా బ్రిటన్ ప్రకటనల నియంత్రణ సంస్థ చేస్తున్న పని మెరుగైంది. 2025లో నెక్స్ట్, మార్క్స్ అండ్ స్పెన్సర్, జారా అనే బట్టల సంస్థల ప్రకటనల్లో కొన్ని చిత్రాలను అది ఆపేయించింది. జారా చిత్రాల మీద ఇచ్చిన నిర్ణయం మన ఫోటోగ్రాఫర్లు చదవాల్సింది: జుట్టు వెనక్కి బిగించి కట్టిన ముడి, కాళ్లను మరీ సన్నగా చూపిన నీడలు, కాలర్ ఎముకలు పొడుచుకొచ్చేలా నిలబెట్టిన తీరు ఆ చిత్రాల్లో మోడళ్లను అనారోగ్యంగా బక్కచిక్కినట్టు చూపించాయని చెప్పింది. అంటే మనిషి ఎలా ఉన్నా, లైటు, భంగిమ కూడా బక్కతనాన్ని తయారుచేస్తాయి. అది మీ చేతిలో ఉన్న పని.

మన దేశంలో మోడళ్ల ఆరోగ్యానికి ఇలాంటి చట్టం లేదు. 2017లో పన్నెండో తరగతి విద్యార్థులు చదివే ఒక ప్రైవేటు ప్రచురణ వ్యాయామ విద్య పుస్తకంలో ఆడవాళ్లకు 36-24-36 ఉత్తమ ఆకృతి అని అచ్చయింది. దేశమంతా గోల అయ్యాక దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ అంకెలు ర్యాంప్ నుంచి బడి పుస్తకం దాకా వెళ్లాయంటే, మీ కొలత మీ షోలకే పరిమితం కాదన్నమాట. విదేశాల్లో గాలి మారిపోయిందనీ అనుకోలేం. ఫ్యాషన్ వ్యాపార పత్రిక వోగ్ బిజినెస్ లెక్క ప్రకారం 2025 శరదృతువు–శీతాకాలపు సీజన్‌కు న్యూయార్క్, లండన్, మిలాన్, పారిస్‌లలో చూపిన డ్రెస్సుల్లో నూటికి 97కు పైగా అమెరికన్ 0 నుంచి 4 దాకా ఉండే సన్నటి సైజుల మోడళ్లే వేసుకున్నారు. ప్లస్ సైజు 0.3 శాతం. దానికి తోడు మధుమేహానికి, స్థూలకాయానికి ఇచ్చే సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్లు మన మార్కెట్లోకి వచ్చాయి. అవసరమైన రోగులకు మంచి మందులే. 18 ఇండెక్స్ ఉన్న అమ్మాయి వాటిని వేసుకుంటే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది, ఆకలి చచ్చిపోవడంతో తాను తినడం లేదన్న సంగతే ఆమెకు తెలియకుండా పోతుంది.

ఇప్పుడు కటింగ్ టేబుల్ దగ్గరికి వద్దాం. మీరు అమ్మే బట్టలు ఛాతీ 34 నుంచి 42 అంగుళాల దాకా అనుకోండి. శాంపిల్ 32లో కుట్టి, అక్కడి నుంచి గ్రేడింగ్ చేసుకుంటూ, అంటే ఆ నమూనా నుంచే మిగతా సైజులు గీసుకుంటూ పోతే, 42కు రెండేసి అంగుళాల చొప్పున ఐదు మెట్లు ఎక్కాలి. మూల కొలత నుంచి రెండు మెట్లు పైకి, రెండు మెట్లు కిందికి మించి గ్రేడింగ్ చేస్తే ఆకారం చెడుతుందని ఈ పని తెలిసిన ప్రతి మాస్టరూ ఒప్పుకుంటారు. భుజానికి మెట్టుకు పావు అంగుళం కలుపుతూ పోతే ఐదు మెట్లకు అంగుళం పావు పెరుగుతుంది, కానీ ఒళ్లు చేసినంత మాత్రాన భుజం ఎముక వెడల్పు కాదు. భుజం జారుతుంది, మెడ ముందు తెరుచుకుంటుంది, చంక లోతై చెయ్యి ఎత్తితే జాకెట్టు మొత్తం పైకి లేస్తుంది, ఒంటి వంపు కోసం కుట్టే మడత, అంటే డార్ట్, దాని మొన ఛాతీ దగ్గర ఉండాల్సిన చోట ఉండదు, ముందు అంచు పైకి ఎక్కుతుంది. కొనుక్కున్న ఆవిడ ట్రయల్ రూములో తన ఒంటినే నిందించుకుంటుంది. తప్పు గ్రేడింగ్‌ది. అదే 38ని మూలంగా పెట్టుకుంటే 34కు రెండు మెట్లు, 42కు రెండు మెట్లు. అంటే 32 శాంపిల్ ఆరోగ్యానికే కాదు, పనితనానికి కూడా చేటు.

మా మొదటి విన్నపం ఇది. వచ్చే సీజన్ నుంచి ప్రతి కలెక్షన్‌లో కనీసం మూడో వంతు డ్రెస్సులు 36 నుంచి 40 మధ్య మూల కొలతతో, ఆ కొలత ఉన్న అసలు మనుషుల మీద ఫిట్టింగ్ చూసి కుట్టండి. వర్క్ లేని డ్రెస్సుకు రెండో శాంపిల్ ఖర్చు మూడు మీటర్ల గుడ్డ, ఒక రోజు కుట్టుకూలి. మగ్గం వర్క్ ఉన్నవాటికి మన జాకెట్టు టైలర్లు ఎప్పుడూ చేసే పద్ధతే చాలు. పక్క కుట్టులో ఒక్కో పొరకు అంగుళం చొప్పున గుడ్డ లోపల వదిలి, రెండు మూడు వరుసల కుట్టు వేయండి. రెండు పక్కలా, రెండేసి పొరలకు కలిపి నాలుగు అంగుళాలు వదులు చేసుకోవచ్చు. అయితే ఇందులో జాగ్రత్తలున్నాయి. వర్క్‌ను పక్క కుట్టుకు రెండు అంగుళాల ముందే ఆపాలి. జరీ తీగ, పూసలు కుట్టులో పడితే తర్వాత విప్పలేరు. జిప్ పక్కన కాకుండా వెనక పెట్టి, కొన్నింటికి డోరీ ఇవ్వాలి. లైనింగ్‌కు కూడా అంతే గుడ్డ వదలాలి, చాలామంది ఇది మరిచిపోయి పైగుడ్డకు మాత్రమే వదులుతారు. విప్పిన చోట సూది రంధ్రాలు కనబడే పట్టు, ఆర్గంజాలకు ఈ పద్ధతి పనికిరాదు, వాటికి రెండో శాంపిలే మేలు. వదులు చేయడం పక్క కొలతకే పరిష్కారం, ఛాతీ రెండు సైజులు మారితే డార్ట్ మళ్లీ గీయాల్సిందే.

కొలతలు ఎక్కడి నుంచి తేవాలన్న ప్రశ్న రాకూడదు. కేంద్ర జౌళి శాఖ, జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ నిఫ్ట్ కలిసి చేపట్టిన ఇండియాసైజ్ సర్వే 25,000 మందిని త్రీడీ స్కానర్లతో కొలిచే లక్ష్యంతో మొదలైంది. కొలతలు తీసేందుకు ఎంచుకున్న ఆరు నగరాల్లో హైదరాబాద్ ఒకటి. ఆ పట్టికను శాంపిల్ గదుల్లోకి తెప్పించుకోండి, డమ్మీలను దాని ప్రకారం చేయించండి. స్పెయిన్ 10,000 మందికి పైగా మహిళలను కొలిచి 2008లో ఫలితాలు ప్రకటించింది. అక్కడి ఆరోగ్య శాఖతో పెద్ద దుకాణాలు చేసుకున్న ఒప్పందంలో అద్దాల్లో పెట్టే బొమ్మలు స్పెయిన్ లెక్కలో 38 సైజుకు తగ్గకూడదని రాసుకున్నారు. నిఫ్ట్‌లోనూ ఇతర కళాశాలల్లోనూ మొదటి ఏడాది పిల్లలకు ఒకే సన్నటి డమ్మీ ఇచ్చి డ్రేపింగ్, అంటే దాని మీద గుడ్డ పరిచి ఆకారం తేవడం, నేర్పితే, వాళ్ల చెయ్యి జీవితాంతం ఆ ఆకారానికే అలవాటుపడుతుంది. కనీసం మూడు సైజులవి ఇవ్వాలి.

రెండోది కాస్టింగ్, అంటే మోడళ్ల ఎంపిక. కాల్ షీట్‌లో సీటు 34 అని రాయడం మానండి. మోడల్‌ను ఖాయం చేశాక ఆమె ఆనాటి కొలతలు తీసుకుని, బట్టను ఆమెకు సరిచేయండి. ఫిట్టింగ్ షోకు కనీసం మూడు రోజుల ముందు పెడితే మార్పులకు సమయం చిక్కుతుంది. ముందు రాత్రి ఫిట్టింగ్ పెట్టడమే ఎన్నో అనర్థాలకు మూలం, అప్పటికి బట్ట మార్చే వేళ మించిపోతుంది, మార్చగలిగింది అమ్మాయినే అవుతుంది. కొలత సరిపోలేదన్న కారణంతో ఖాయం చేసిన మోడల్‌ను తీసేస్తే ఆమెకు పూర్తి పారితోషికం ఇవ్వాలన్న షరతు ఒప్పందంలో ఉండాలి. ఈ ఒక్క షరతు పెట్టి చూడండి, శాంపిల్ గదిలో ఎంత మార్పు వస్తుందో మీకే తెలుస్తుంది. ఏజెన్సీలకు మరో మాట: అద్దె, పోర్ట్‌ఫోలియో, విమాన టికెట్ల ఖర్చులను అమ్మాయి పేరున అప్పుగా రాసుకుని, 'కొలతకు వస్తేనే పని' అంటే, ఆమెకు కాదనే స్వేచ్ఛ ఉండదు.

మూడోది ఆరోగ్య పత్రం. ఆరు నెలలకోసారి, మీరు గానీ ఏజెన్సీ గానీ నియమించని డాక్టర్ ఇవ్వాలి. బరువు పొద్దున్నే, మూత్ర విసర్జన అయ్యాక, ఆసుపత్రి గౌనులో చూడాలి. రెండు లీటర్ల నీళ్లు తాగి వస్తే 175 సెంటీమీటర్ల మనిషి ఇండెక్స్ 0.65 పెరుగుతుంది, 17.9 ఉన్న అమ్మాయి 18.5 దాటేస్తుంది. ఆ నీళ్లే ఆమె సోడియంను ప్రమాదకరంగా దించగలవు. మూత్రం సాంద్రత 1.005 కంటే తక్కువ ఉంటే అనుమానించి మరో రోజు రమ్మనాలి. నాడి, పడుకుని, నిలబడి రక్తపోటు, ఈసీజీ, పొటాషియం, సోడియం, ఫాస్ఫేట్, హిమోగ్లోబిన్, నెలసరి వివరాలు చూడాలి. వీటితో పాటు ఐదు ప్రశ్నలు ఏకాంతంలో అడగాలి. కడుపు నిండి ఇబ్బందిగా ఉందని కావాలని వాంతి చేసుకుంటున్నావా? ఎంత తింటున్నానో అదుపు తప్పిందని భయపడుతున్నావా? ఈ మూడు నెలల్లో ఆరు కిలోలకు పైగా తగ్గావా? నలుగురూ బక్కగా ఉన్నావంటున్నా లావుగానే ఉన్నాననిపిస్తోందా? తిండి ఆలోచనే రోజంతా నిన్ను ఏలుతోందా? రెండింటికి అవునంటే పూర్తి పరీక్ష అవసరం. నిర్వాహకులకు చేరేది 'పనికి యోగ్యురాలు' లేదా 'వైద్యం అవసరం' అన్న ఒక్క వాక్యమే కావాలి, అంకెలు డాక్టర్ దగ్గరే ఉండాలి. వైద్యం అవసరమన్న అమ్మాయికి ఆ సీజన్ పారితోషికంలో కొంత భాగమైనా ఇచ్చి సెలవివ్వండి. పత్రం శిక్షగా మారితే అందరూ దాచిపెట్టడం నేర్చుకుంటారు.

తెర వెనక నాలుగు గంటలకోసారి అసలైన తిండి ఉండాలి, బ్లాక్ కాఫీ, దోసకాయ ముక్కలు కాదు. ఇడ్లీ, ఉడికించిన గుడ్లు, పప్పన్నం, పెరుగన్నం, అరటిపండ్లు పెట్టండి. ఆ బల్ల ఫోటోగ్రాఫర్లు లేని చోట ఉండాలి, ఎందుకంటే తింటూ కెమెరాకు చిక్కుతానన్న భయంతో పళ్లెం ముట్టనివాళ్లుంటారు. బట్టలు మార్చుకునే చోట టేపు పట్టుకుని పదిమంది ముందు కొలతలు బిగ్గరగా చదవడం ఆపాలి. కళ్లు తిరిగిన అమ్మాయికి గ్లూకోజ్ తాగించి మళ్లీ ర్యాంప్ మీదికి పంపడం చికిత్స కాదు. కాళ్లు ఎత్తి పడుకోబెట్టి, నాడి చూసి, 50కి తగ్గినా, తడబడుతున్నా అంబులెన్స్ పిలవాలి.

ప్రకటనల విషయంలో అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాను కూడా కోరుతున్నాం. 2022లో మీరు హానికరమైన లింగ మూసల మీద మార్గదర్శకాలు ఇచ్చారు. అనారోగ్యంగా బక్కచిక్కినట్టు చూపే చిత్రాల మీద ఫిర్యాదులను బ్రిటన్ తరహాలో చిత్రం చిత్రంగా పరిశీలించి, కారణాలతో సహా నిర్ణయాలు వెలువరించండి. ఆన్‌లైన్ దుకాణాల కేటలాగ్ ఫోటోల్లో వెనక క్లిప్పులు బిగించి బట్టను ఒంటికి అతికించడం గురించి కూడా ఆలోచించాలి, అలా తీసిన ఫోటో చూసి కొన్న బట్ట ఎవరికీ ఫోటోలోలా ఉండదు.

పెళ్లి లెహంగాలు కుట్టే హైదరాబాద్, విజయవాడ, విశాఖ బొటిక్‌లకు ఒక చిన్న విన్నపం. తొలి కొలత తీసుకునేటప్పుడే 'పెళ్లినాటికి రెండు అంగుళాలు తగ్గుతారుగా, అలాగే కుడతాం' అనకండి. ఆ రోజున్న కొలతకే కుట్టి, కావాలంటే పెళ్లికి వారం ముందు బిగించండి. బిగించడం గంట పని.

ఈ మార్పులకు మా వంతు సాయం మేం చేస్తాం. 38 మూల కొలతతో జాకెట్టు, గౌను, ప్యాంటు బ్లాక్ ప్యాటర్న్‌లు (మూల నమూనాలు), 34 నుంచి 42 దాకా గ్రేడింగ్ పట్టికలు అడిగిన ఏ డిజైనర్‌కైనా ఉచితంగా ఇస్తాం. ఆరోగ్య పత్రం నమూనా, డాక్టర్‌కు ఇవ్వాల్సిన పరీక్షల జాబితా, తెర వెనక సిబ్బందికి రెండు గంటల శిక్షణ కూడా సిద్ధం చేస్తున్నాం. వచ్చే సీజన్ కాస్టింగ్ మొదలవకముందే మీ సాంకేతిక బృందంతో ఒకసారి కూర్చుని, ఏ డ్రెస్సులకు రెండో శాంపిల్, ఏవాటికి లోపలి గుడ్డ అన్నది కలెక్షన్ ముందు పెట్టుకుని తేల్చుకుందామని కోరుతున్నాం. మీ జవాబు కూడా బహిరంగంగానే ఇవ్వండి.

ఇట్లు,
దుస్తుల తయారీ, పోషకాహారం, మానసిక వైద్య రంగాల్లో పనిచేస్తున్న కొందరం
హైదరాబాద్